తొలి సైకోసిస్: త్వరగా, తక్కువ మోతాదులో, తగినంత కాలం

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న అమ్మాయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు: సైకోసిస్ తొలిసారి బయటపడేది ఎక్కువగా ఈ వయసులోనే. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తాయి. పక్కింటివాళ్లు తనమీద నిఘా పెట్టారనీ, టీవీలో యాంకర్ తన గురించే మాట్లాడుతోందనీ నమ్మకం కుదురుతుంది. ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం సడలదు. నిద్ర కరువవుతుంది, చదువు ఆగిపోతుంది, స్నేహితులు ఒక్కొక్కరే దూరమవుతారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితికి లోనయ్యేవారు, సర్వేను బట్టి, నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారు. వీరిలో కొందరిది కాలక్రమంలో స్కిజోఫ్రీనియాగా తేలుతుంది. కొందరిది బైపోలార్ జబ్బులో భాగమవుతుంది. కొందరికి ఒక్కసారి వచ్చి మళ్లీ రాదు.

ఈ తొలి దశలో మెదడులో జరుగుతున్నదేమిటి? మందు సరిగ్గా ఎక్కడ పనిచేస్తుంది? ఎంత ఇవ్వాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్నాళ్లు వాడాలి? డెబ్బై ఏళ్ల పరిశోధన ఈ ప్రశ్నల్లో కొన్నిటికి గట్టి జవాబులు ఇచ్చింది, కొన్నిటికి ఇంకా ఇవ్వలేదు. ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వైద్యం త్వరగా మొదలుపెట్టాలి, మోతాదు తక్కువగా ఉండాలి, కుదుటపడగానే ఆపెయ్యకూడదు, రెండు మందులు పనిచేయకపోతే మూడోదానికి ఏళ్లు పట్టకూడదు. ఈ నాలుగు మాటల్లో చాలావాటికి ఆధారం మెదడు రసాయనాల్లోనే ఉంది.

సర్పగంధ నుంచి డోపమైన్ దాకా

ఈ కథ మన దేశంలోనూ మొదలైంది. సర్పగంధ వేరు ఉద్రేకంతో కూడిన పిచ్చిని తగ్గిస్తుందనీ, రక్తపోటునూ దించుతుందనీ కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో రాశారు. ఆ వేరులోని రెసెర్పిన్‌ను 1952లో స్విట్జర్లాండ్‌లో వేరుచేశారు. సరిగ్గా అదే ఏడాది పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ డిలే, పియెర్ డెనికర్ క్లోర్‌ప్రొమజైన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. దాన్ని మొదట శస్త్రచికిత్సకు ముందు రోగిని నెమ్మదింపజేయడానికి వాడారు. ఏళ్లతరబడి ఎవరితోనూ మాట్లాడని రోగులు ఈ మందుతో మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పటికి అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు.

ఆ ముడి విప్పినవాడు స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్. రెసెర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలకుండా పడి ఉండేవి. వాటికి ఎల్-డోపా అనే పదార్థం ఇవ్వగానే లేచి తిరిగాయి. ఎల్-డోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. అంటే రెసెర్పిన్ ఖాళీ చేసింది ఈ డోపమైన్ నిల్వల్నే. 1957 నాటి ఈ ప్రయోగం డోపమైన్‌కు మెదడులో సొంత పాత్ర ఉందని చూపింది. క్లోర్‌ప్రొమజైన్, హాలోపెరిడాల్ మాత్రం నిల్వల్ని ముట్టుకోకుండా, డోపమైన్ అందుకునే రిసెప్టర్లకు అడ్డుపడుతున్నాయని 1963లో కార్ల్‌సన్, మార్గిట్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించారు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

తరవాతి పెద్ద అడుగు 1970ల నడుమ పడింది. టొరంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోర్‌లో సాలమన్ స్నైడర్ బృందాలు అప్పటి మందులన్నిటినీ వరసగా పరీక్షించాయి. ఏ మందు డోపమైన్ డి2 రిసెప్టర్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటే, రోగికి దాని మోతాదు అంత తక్కువ సరిపోతోంది. హాలోపెరిడాల్ కొద్ది మిల్లీగ్రాములు చాలు, క్లోర్‌ప్రొమజైన్ వందల మిల్లీగ్రాములు కావాలి. మరోవైపు, యాంఫెటమిన్ ఎక్కువగా వాడినవారికి సైకోసిస్ లక్షణాలు వస్తాయని 1950ల చివరికే తెలుసు. ఆ మందు డోపమైన్‌ను విపరీతంగా విడుదల చేయిస్తుంది. ఈ రెండు ఆధారాలూ కలిసి ‘డోపమైన్ ఎక్కువైతే సైకోసిస్’ అన్న సిద్ధాంతానికి పునాది వేశాయి.

స్కానర్ చూపించిన చోటు

ఇవన్నీ పరోక్ష ఆధారాలే. బతికున్న మనిషి మెదడులో డోపమైన్‌ను చూడగలిగింది 1980ల నుంచే. రేడియోధార్మిక గుర్తు కలిపిన పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరుతోందో పెట్, స్పెక్ట్ స్కాన్లతో కొలిచారు. 1996లో అమెరికాలో మార్క్ లారుయెల్ బృందం స్కిజోఫ్రీనియా రోగులకు కొద్దిగా యాంఫెటమిన్ ఇచ్చినప్పుడు, మామూలు మనుషుల కంటే వారిలో డోపమైన్ ఎక్కువగా విడుదలవుతోందని చూపింది.

లండన్‌లో ఆలివర్ హౌస్, సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. నాడీకణం డోపమైన్‌ను ఎంత తయారుచేస్తోందో కొలిచారు. రోగుల్లో అది ఎక్కువగా ఉంది. జబ్బు పూర్తిగా బయటపడకముందే, చిన్న చిన్న అనుమానాలతో, అస్పష్టమైన శబ్దాలతో ఇబ్బంది పడుతున్న యువకుల్లోనూ పెరిగి కనిపించిందని 2009లో ప్రకటించారు. తరవాత సైకోసిస్‌లోకి జారినవారిలో ఆ పెరుగుదల మరింత ఎక్కువైంది. ఇదంతా స్ట్రయేటమ్ అనే లోపలి భాగంలో, అందులోనూ ఆలోచనకూ నేర్చుకోవడానికీ సంబంధించిన భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. నుదురు వెనకాల ఉండే కార్టెక్స్‌లో డోపమైన్ తగ్గి ఉండొచ్చన్న ఆధారాలున్నాయి. చొరవ తగ్గడం, నలుగురిలో కలవలేకపోవడం, జ్ఞాపకశక్తి మందగించడం లాంటి లక్షణాల మీద మందులు ఎందుకు పెద్దగా పనిచేయవో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

చికిత్స దృష్ట్యా ముఖ్యమైన అంశం ఇంకొకటి ఉంది. తప్పు డోపమైన్ తయారీ, విడుదల దగ్గర ఉంది. మందు అడ్డుపడేది ఆ తరవాతి మెట్టయిన రిసెప్టర్ దగ్గర. కుళాయి కట్టకుండా బకెట్ మీద మూత పెట్టినట్టన్నమాట. తొలి సైకోసిస్ రోగులకు మందు మొదలుపెట్టే ముందూ, వారాల తరవాతా స్కాన్ చేసి లండన్ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫలితాలు దీన్నే బలపరిచాయి. మాటలు వినిపించడం తగ్గింది, అనుమానాలు తగ్గాయి, డోపమైన్ తయారీ మాత్రం తగ్గలేదు. మందు ఆపగానే లక్షణాలు ఎందుకు తిరగబెడతాయో చెప్పడానికి ఇంతకంటే సూటి కారణం దొరకడం కష్టం.

రసాయనం అనుభవంగా మారేదెలా?

డోపమైన్ పెరిగితే పక్కింటివాళ్ల మీద అనుమానం ఎందుకు పుట్టాలి? 2003లో శితిజ్ కపూర్ ఇచ్చిన వివరణ ఇప్పటికీ బలంగా నిలబడి ఉంది. మన చుట్టూ ప్రతి క్షణం వందల సంగతులు జరుగుతుంటాయి. వాటిలో దేన్ని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో గుర్తుచెయ్యడం డోపమైన్ పనుల్లో ఒకటి. అది వేళకాని వేళ విడుదలైతే అప్రధానమైన వాటికీ ప్రాధాన్యం వచ్చిపడుతుంది. ఎదురుగా వెళ్లిన కారు నంబరు, వీధిలో ఎవరో దగ్గిన దగ్గు, ఫోన్‌లో వచ్చిన ప్రకటన ఏదో సూచిస్తున్నట్టు అనిపిస్తాయి. కొన్ని వారాలపాటు ఈ అర్థంకాని ప్రాముఖ్యంతో సతమతమైన మనసు చివరికి ఒక కథ అల్లుకుంటుంది: ‘నన్ను ఎవరో వెంటాడుతున్నారు’. ఆ కథ అప్పటిదాకా తెలియని ఎన్నిటికో సమాధానం చెబుతుంది కాబట్టి మనిషి దాన్ని గట్టిగా పట్టుకుంటాడు.

మందు ఆ కొత్త ప్రాధాన్యాల వెల్లువను తగ్గిస్తుంది. ఇప్పటికే అల్లుకున్న కథను చెరపదు. అందుకే కోలుకుంటున్నవారు మొదట్లో ‘ఆ సంగతి నిజమే, కానీ ఇప్పుడు అంతగా బాధపెట్టడం లేదు’ అంటారు. ఆ కథ నెమ్మదిగా పలచబడటానికి సమయం కావాలి, ఓపికగా మాట్లాడే మనిషి కావాలి. మాత్రతో పాటు మాట కూడా చికిత్సలో భాగమన్నది ఇక్కడినుంచే వస్తుంది. మందు పనిచేయడానికి మూడు నాలుగు వారాలు ఆగాలన్న పాత నమ్మకమూ సడలింది. మార్పు మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుందని 2003 తరవాతి విశ్లేషణలు చూపాయి. ఒక మందు రెండు వారాల్లో ఏమాత్రం ఫలితం చూపకపోతే డాక్టర్ అప్పుడే పునరాలోచించవచ్చు.

65, 72, 78: మోతాదు లెక్క

ఒకప్పుడు హాలోపెరిడాల్‌ను రోజుకు పదుల మిల్లీగ్రాములు ఇచ్చేవారు. ఎక్కువిస్తే ఎక్కువ నయమవుతుందనుకున్నారు. ఆ లెక్క తప్పని తేల్చిన ప్రయోగాల్లో టొరంటోలో కపూర్ బృందం చేసి 2000లో ప్రచురించినది ముఖ్యమైనది.

అందులో 22 మంది, అందరూ తొలి సైకోసిస్ రోగులు. కొందరికి రోజుకు 1 మిల్లీగ్రాము హాలోపెరిడాల్, మిగతావారికి రెండున్నర. ఎవరికెంతో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. రెండు వారాల తరవాత ఒక్కొక్కరినీ పెట్ స్కానర్‌లో పడుకోబెట్టి, రేడియోధార్మిక రాక్లోప్రైడ్ ఎక్కించారు. అది డి2 రిసెప్టర్లను వెతుక్కుంటూ వెళుతుంది. మందు ఇప్పటికే కూర్చున్నచోట దానికి చోటు దొరకదు. కాబట్టి తెరమీద సంకేతం ఎంత తగ్గితే, మందు అంత ఎక్కువ రిసెప్టర్లను ఆక్రమించిందన్నమాట. ఇంత చిన్న మోతాదులతోనే ఆక్రమణ కొందరిలో 38 శాతం, కొందరిలో 87 శాతం దాకా ఉంది. లక్షణాలు తగ్గే అవకాశం 65 శాతం దాటినచోట బాగా పెరిగింది. ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం 72 శాతం దగ్గర మొదలైంది. ఒళ్లు బిగుసుకుపోవడం, కాళ్లు నిలవనివ్వకుండా అటూ ఇటూ తిప్పే యాతన 78 శాతం దాటాక వచ్చాయి.

మేలుకూ కీడుకూ మధ్య ఉన్న దూరం 13 శాతం. ఒక మాత్ర ఎక్కువైతే దాటిపోయే దూరమది. మొదటిసారి మందు తీసుకుంటున్న శరీరం త్వరగా స్పందిస్తుంది, త్వరగా బాధపడుతుంది కూడా. దక్షిణాఫ్రికాలో 2004లో తొలి సైకోసిస్ రోగులకు 2 మిల్లీగ్రాములూ, 8 మిల్లీగ్రాములూ పోల్చి ఇచ్చినప్పుడు ఫలితం సమానంగా ఉంది. తక్కువ మోతాదు తీసుకున్నవారే సుఖంగా ఉన్నారు. అరిపిప్రజోల్ కొంత భిన్నం. అది రిసెప్టర్‌ను ఆక్రమిస్తూనే కాస్త ప్రేరేపిస్తుంది కూడా, అందుకే ఆక్రమణ ఎక్కువైనా ఒళ్లు అంతగా బిగుసుకోదు. క్లోజపైన్ మరీ భిన్నం, ఆక్రమణ తక్కువగా ఉండగానే పనిచేస్తుంది.

మన దగ్గర చాలా చీటీల్లో మొదటి రోజు నుంచే రెండు మూడు మందులు, వాటితోపాటు బిగుసుకుపోకుండా ట్రైహెక్సిఫెనిడిల్ కనిపిస్తాయి. మోతాదు కొద్దిగా మొదలుపెట్టి మెల్లగా పెంచితే ట్రైహెక్సిఫెనిడిల్ చాలామందికి అవసరమే పడదు. పైగా అది జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. చదువుకునే వయసువారికి అది చిన్న నష్టం కాదు.

ఏ మందు మొదట?

క్లోజపైన్‌ను మినహాయిస్తే, తొలి సైకోసిస్‌లో మందుల మధ్య లక్షణాల తగ్గుదలలో తేడా తక్కువ. యూరప్, ఇజ్రాయెల్‌లలో 498 మందితో జరిగిన యూఫెస్ట్ పరిశోధన 2008లో ఇదే చెప్పింది. చిన్న మోతాదు హాలోపెరిడాల్‌తో సహా అన్నిటితోనూ లక్షణాలు దాదాపు సమానంగా తగ్గాయి. తేడా మందును కొనసాగించడంలో వచ్చింది. ఏడాదిలో హాలోపెరిడాల్ మొదలుపెట్టినవారిలో 72 శాతం, ఒలాంజపైన్ మొదలుపెట్టినవారిలో 33 శాతం ఆ మందును మానేశారు.

అలాగని ఒలాంజపైన్ అందరికీ మొదటి ఎంపిక కాదు. అమెరికాలో పిల్లలు, కౌమారుల మీద జరిగిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. తొలిసారి మందు మొదలుపెట్టిన సుమారు 11 వారాల్లో ఒలాంజపైన్ వల్ల సగటున 8.5 కిలోలు, రిస్పెరిడోన్ వల్ల 5.3 కిలోలు, అరిపిప్రజోల్ వల్ల 4.4 కిలోల బరువు పెరిగారు. తక్కువ బరువులోనే షుగర్ వ్యాధి వచ్చే మన దక్షిణాసియా శరీరాలకు ఈ అంకెలు ఇంకా బరువైనవి. మందు మొదలుపెట్టిన రోజే బరువు, నడుం చుట్టుకొలత, రక్తంలో చక్కెర, కొవ్వు చూసి రాసిపెట్టాలి. తరవాత తరచుగా చూడాలి. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం, పాలు రావడం ప్రొలాక్టిన్ పెరిగిందనడానికి గుర్తులు. సిగ్గుతో ఎవరూ చెప్పరు, డాక్టరే అడగాలి. మందు మానెయ్యడానికి పెద్ద కారణాలు ఇలా చెప్పుకోలేని బాధలే.

మందుకు లొంగనివారి రసాయనం వేరు

తొలి సైకోసిస్‌లో ఎక్కువమంది మందుకు బాగానే స్పందిస్తారు. యూరప్‌లో జరిగిన ఆప్టిమైజ్ పరిశోధనలో 446 మందికి అమిసల్‌ప్రైడ్ ఇస్తే నాలుగు వారాల్లో 56 శాతం మంది దాదాపు లక్షణాలు లేని స్థితికి వచ్చారు. తగ్గనివారిలో కొందరిని ఒలాంజపైన్‌కు మార్చారు, కొందరికి అదే మందు కొనసాగించారు. రెండు గుంపుల్లోనూ ఫలితం ఒక్కటే. ఒక డి2 మందు పనిచేయనప్పుడు ఇంకో డి2 మందుకు మారితే పెద్దగా కలిసిరాదని 2018లో వచ్చిన ఈ ఫలితం సూచిస్తుంది.

దీనికి కారణం లండన్ స్కానర్లలో దొరికింది. మందులకు లొంగని రోగుల్లో డోపమైన్ తయారీ మామూలుగానే ఉందని 2012లో అర్సిమ్ దెమ్జహా, సహచరులు చూపారు. తొలి సైకోసిస్‌లోనూ మందుకు బాగా స్పందించేవారిలోనే డోపమైన్ తయారీ ఎక్కువగా ఉందని తరవాత తేలింది. స్పందించనివారిలో గ్లూటమేట్ అనే మరో రసాయనం మెదడు ముందుభాగంలో ఎక్కువగా కనిపించింది. కెటమైన్, పీసీపీ లాంటి మందులు గ్లూటమేట్ రిసెప్టర్‌కు అడ్డుపడి ఆరోగ్యవంతుల్లోనూ సైకోసిస్ లాంటి స్థితిని తెస్తాయని ఎప్పటినుంచో తెలుసు. 2007లో గుర్తించిన ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే జబ్బులో శరీరం తన గ్లూటమేట్ రిసెప్టర్ల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఎక్కువగా యువతుల్లో అది సైకోసిస్‌లాగే మొదలవుతుంది. జ్వరం, మూర్ఛలు, నోరు వంకర తిరగడం, స్పృహ తగ్గడం తోడైతే దాన్ని అనుమానించాలి. దాని చికిత్స పూర్తిగా వేరు.

లండన్, నాటింగ్‌హామ్‌లలో తొలి సైకోసిస్ రోగులను పదేళ్లు గమనించిన పరిశోధన 2017లో వచ్చింది. వారిలో 23 శాతం మంది మందుకు లొంగని వర్గంలో చేరారు. ఆ వర్గంలో 84 శాతం మంది మొదటి రోజు నుంచీ అలాగే ఉన్నారు. వీరికి ఉపయోగపడుతుందని బలమైన ఆధారం ఉన్న మందు ఒక్కటే: క్లోజపైన్. 1975లో ఫిన్లాండ్‌లో తెల్లరక్తకణాలు పడిపోయి రోగులు చనిపోవడంతో దాన్ని చాలాచోట్ల పక్కన పెట్టారు. 1988లో జాన్ కేన్ బృందం, ఇతర మందులకు లొంగనివారిలో క్లోజపైన్‌తో 30 శాతం, క్లోర్‌ప్రొమజైన్‌తో 4 శాతం మంది మెరుగయ్యారని చూపాక అది తిరిగి వచ్చింది. మొదట్లో వారానికోసారి రక్తపరీక్ష చేస్తే ఆ ప్రమాదాన్ని ముందే పట్టుకోవచ్చు. అయినా చాలామంది రోగులు దాని దాకా చేరడానికి ఏళ్లు పడుతోంది. రెండు మందులు సరైన మోతాదులో, సరైన కాలం వాడి, నిజంగా వేసుకున్నారని తేలాక కూడా ఆగడం యువ జీవితంలోంచి ఏళ్లు తీసెయ్యడమే.

గ్లూటమేట్‌నే లక్ష్యంగా చేసుకుని తయారైన పోమగ్లుమెటాడ్, బిటోపెర్టిన్ లాంటి మందులు పెద్ద ప్రయోగాల్లో నిలబడలేదు. 2024 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన క్సనోమెలిన్-ట్రాస్పియం మాత్రం ఆశ రేపింది. అది డి2ను ముట్టుకోదు. మస్కరినిక్ రిసెప్టర్ల ద్వారా డోపమైన్ విడుదలనే తగ్గించే దారిలో వెళుతుంది. దాన్ని నిలబెట్టిన ప్రయోగాలు ఐదువారాలవి, స్కిజోఫ్రీనియా తీవ్రమైనవారి మీద జరిగినవి. తొలి దశలో అది ఎంత ఉపయోగమో తేలడానికి ఇంకా పని మిగిలి ఉంది.

ఆలస్యం ఖరీదు

లక్షణాలు మొదలై చికిత్స అందేదాకా గడిచే కాలం పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుందని అనేక సమీక్షలు చెబుతున్నాయి. జబ్బు మెల్లగా కమ్ముకున్నవారిలోనే ఆలస్యమూ ఎక్కువ, ఫలితమూ తక్కువ ఉంటుంది కాబట్టి సంబంధమంతా ఆలస్యానిదే అనలేమని కొందరు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఆలస్యంలో పోయేది చికిత్స ఫలితం ఒక్కటే కాదు. పరీక్షలు పోతాయి, ఉద్యోగం పోతుంది, పెళ్లి చెడుతుంది, పోలీసు కేసులు పడతాయి, ప్రాణాలే పోతాయి. వాటిని ఏ మందూ తిరిగి తేలేదు.

ఆలస్యాన్ని తగ్గించవచ్చని నార్వేలోని రోగలాండ్ నిరూపించింది. అక్కడ పత్రికల్లో, రేడియోలో, బడుల్లో ప్రచారం చేశారు. ఇంటికే వచ్చే బృందాన్ని పెట్టారు. మధ్యస్థంగా 26 వారాలుండే ఆలస్యం సుమారు 5 వారాలకు దిగింది. ప్రచారం ఆపాక మళ్లీ పెరిగింది. పదేళ్ల తరవాత చూస్తే త్వరగా గుర్తించిన ప్రాంతంలో 31 శాతం మంది, మిగతాచోట 15 శాతం మంది పూర్తిగా కోలుకుని ఉన్నారు. అమెరికాలో రైజ్ పరిశోధనలో మధ్యస్థ ఆలస్యం 74 వారాలు. కుటుంబానికి శిక్షణ, చదువుకో ఉద్యోగానికో సాయం, మాటల చికిత్స, జాగ్రత్తగా మందు కలిపిన సమగ్ర చికిత్స అక్కడ మామూలు చికిత్సకంటే మేలనిపించింది. ఆ మేలు 74 వారాలలోపు వచ్చినవారికే ఎక్కువగా దక్కింది.

ఎన్నాళ్లు వాడాలి?

ఆస్పత్రి ఓపీలో ప్రతిరోజూ వినిపించే మాట ఇది: ‘ఇప్పుడు బాగానే ఉన్నాడు డాక్టరుగారూ, నిద్రపోతున్నాడు, అన్నం తింటున్నాడు. మందులకి అలవాటు పడిపోతాడేమో, ఇంక ఆపేద్దామా?’ ఆ తల్లి ప్రశ్నలో న్యాయం ఉంది. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలదు.

అమెరికాలో తొలి రోగులను ఐదేళ్లు గమనిస్తే 82 శాతం మందికి కనీసం ఒకసారి తిరగబెట్టింది. మందు మానేస్తే ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లయింది. హాంకాంగ్‌లో 178 మందిని రెండు గుంపులుగా చేసి, కోలుకున్న ఏడాది తరవాత ఒక గుంపుకు మందు కొనసాగించారు, మరో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పదేళ్ల తరవాత, మందు ఆపిన గుంపులో 39 శాతం మంది, కొనసాగించినదాంట్లో 21 శాతం మంది దుస్థితిలో ఉన్నారు. నెదర్లాండ్స్‌లో లెక్స్ వుండరింక్ పరిశోధన ఇంకోలా చెప్పింది. మోతాదు తగ్గించే వ్యూహంలో ఉన్నవారికి మొదట్లో ఎక్కువగా తిరగబెట్టింది. కానీ ఏడేళ్లకు వారిలో 40 శాతం మంది జీవితంలో నిలదొక్కుకున్నారు, రెండో గుంపులో 18 శాతమే. 2023లో ఇంగ్లండ్‌లో ఎక్కువకాలంగా జబ్బుతో ఉన్నవారి మీద జరిగిన రాడార్ ప్రయోగంలో, రెండేళ్లకు తగ్గింపు వల్ల సామాజిక జీవితం మెరుగుపడలేదు, తిరగబెట్టడం పెరిగింది.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపించినా, ఒక మధ్యమార్గం చూపుతున్నాయి. కోలుకున్నాక ఏడాది రెండేళ్లైనా కొనసాగించడం, ఆ తరవాత తగ్గించాలనుకుంటే నెలలతరబడి, డాక్టరు కళ్లముందు, చాలా కొద్దికొద్దిగా తగ్గించడం. ఇక్కడా రసాయన లెక్క ఉంది. మోతాదుకూ రిసెప్టర్ ఆక్రమణకూ మధ్య సంబంధం సరళరేఖ కాదు. నాలుగు నుంచి రెండు మిల్లీగ్రాములకు తగ్గిస్తే ఆక్రమణ కొంచెమే తగ్గుతుంది. ఒకటి నుంచి సున్నాకు దిగితే అమాంతం పడిపోతుంది. కాబట్టి చివరి మెట్లే అన్నిటికంటే చిన్నవిగా ఉండాలి.

మన గడపలో

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో, సైకోసిస్ ఉన్నవారిలో నాలుగింట మూడొంతుల మందికి చికిత్స అందడంలేదని తేల్చింది. మన ఊళ్లలో ఆ దారి ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. మొదట ‘గాలి సోకింది’ అంటారు, తాయెత్తు కడతారు, ఎవరో చేతబడి చేశారంటారు. ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అని తొందరపడతారు. జబ్బు దాచి చేసిన పెళ్లి ఇద్దరి బతుకులనూ నలిపేస్తుంది.

దర్గాలకూ గుళ్లకూ వెళ్లేవారిని తప్పుపట్టి లాభం లేదు. తమిళనాడులో ఒక గుడిలో కొన్ని వారాలు గడిపినవారి లక్షణాలు కొంత తగ్గాయని 2002లో రఘురామ్, సహచరులు రాశారు. ఆదరణ, ప్రశాంతత మేలు చేస్తాయి. గొలుసులు చంపేస్తాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో చనిపోయారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర దువా(ప్రార్థన)తోపాటు దవా(మందు) కూడా అందేలా ‘దవా-దువా’ పేరుతో డాక్టర్లు, ముజావర్లు కలిసి పనిచేశారు. మన దగ్గర జనం మొక్కుకునే చోట్లకు ఇది తేవచ్చు.

మనకో బలం కూడా ఉంది. చెన్నైలోని స్కార్ఫ్, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ పరిశోధకులు ఒకే పద్ధతి చికిత్సను రెండు నగరాల్లో పోల్చినప్పుడు, చొరవ తగ్గడం, మాట తగ్గడం లాంటి లక్షణాలు చెన్నైలోనే ఎక్కువగా మెరుగయ్యాయి. అక్కడ కుటుంబం చికిత్సలో గట్టిగా నిలబడింది. అదే కుటుంబానికి దూరంగా, హాస్టళ్లలో, విదేశీ గదుల్లో ఒంటరిగా ఉన్న మన పిల్లలకు ఆ అండ ఉండదు. వలస వెళ్లినవారిలో సైకోసిస్ ముప్పు ఎక్కువని యూరప్ పరిశోధనలు ఎన్నాళ్లుగానో చెబుతున్నాయి. ఘాటైన గంజాయిని రోజూ పీల్చేవారిలో ఆ ముప్పు దాదాపు ఐదురెట్లని 2019 నాటి యూరప్ పరిశోధన తేల్చింది. ఏజెన్సీలో పండిన గంజాయి కాలేజీల గేట్ల దాకా వస్తున్నప్పుడు ఇది దూరదేశపు సంగతి కాదు.

చెయ్యాల్సినవి పెద్ద యంత్రాలు అడిగేవి కావు. పిల్లాడు గదిలోంచి రాకుండా, నిద్రపోకుండా, తనలో తాను మాట్లాడుకుంటూ, ఎవరినీ నమ్మకుండా రెండు వారాలు గడిపితే, టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డలోనో, విశాఖలోనో, మీ జిల్లా ఆస్పత్రిలోనో సైకియాట్రిస్టును కలవండి. మందు మొదలుపెట్టేటప్పుడు ‘ఎంత తక్కువతో మొదలుపెట్టగలం?’ అని అడగండి, బరువు, చక్కెర చూడమనండి, మీ అంతట మీరు ఆపకండి. కాలేజీ లెక్చరర్లకూ ఆశా కార్యకర్తలకూ తొలి లక్షణాలు నేర్పే పని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలదీ. ప్రతి జిల్లా ఆస్పత్రిలో తొలి సైకోసిస్‌కు వారానికో రోజు ప్రత్యేక ఓపీ, అక్కడే రక్తపరీక్ష, అక్కడే క్లోజపైన్ ఉండేలా చూడటమూ వారి బాధ్యతే. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నదాంట్లో ప్రయోగశాల చెప్పగలిగినది చాలావరకు చెప్పింది. నార్వేలో ఒక జిల్లా తన ఆలస్యాన్ని 26 వారాల నుంచి 5 వారాలకు దించగలిగినప్పుడు, గుంటూరూ వరంగల్లూ కూడా దించగలవు.